బైబిలులో ఏ భాగం ఎందుకుంది: లేవీయకాండం దగ్గర ఆగిపోయిన పాఠకునికి సమాధానం

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు క్రైస్తవ కుటుంబంలో పుట్టినవారు కారు. సాహిత్యాభిరుచితో బైబిలు చదవాలనుకొని మొదటి పుట నుంచి మొదలుపెట్టారు. ఆదికాండం ఆసక్తిగా సాగింది, నిర్గమకాండంలో సగం వరకు కథ పరుగెత్తింది, ఆ తరువాత గుడారపు కొలతలూ బలుల నియమాలూ వరుసగా వచ్చేసరికి లేవీయకాండంలో ఆగిపోయారు. ఈ గ్రంథంలో ప్రధాన విభాగాలు ఏవి, వాటన్నిటినీ కలిపే విషయం ఒకటి ఉందా, ఉంటే అది ఏది అని అడిగారు. పాత నిబంధన పాఠాలు చాలాకాలంగా చెబుతున్నవాడిగా నా అనుభవం ఏమిటంటే, మీలాగా అక్కడే ఆగిపోయేవారే ఎక్కువ. అయితే మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది.

ముందు అమరిక సంగతి చూద్దాం. ప్రొటెస్టెంట్లు వాడే బైబిలులో 66 పుస్తకాలున్నాయి. వాటిలో పాత నిబంధనవి 39, కొత్త నిబంధనవి 27. పాత నిబంధన దాదాపు అంతా హీబ్రూలో రాసినది, దానియేలు, ఎజ్రా గ్రంథాలలో కొన్ని అధ్యాయాలు మాత్రం అరామిక్‌లో ఉన్నాయి. కొత్త నిబంధన గ్రీకులో రాసినది. ఈ పుస్తకాలను రాసిన కాలక్రమంలో పేర్చలేదన్నది కొత్త పాఠకుడు మొట్టమొదట తెలుసుకోవలసిన విషయం. రచన ఏ తరహాకు చెందినదో చూసి విభాగాలు చేశారు, విభాగం లోపల చాలాచోట్ల నిడివిని బట్టి పెట్టారు. తొలి సంఘాల బోధకుడైన పౌలు పేరుతో ఉన్న 13 పత్రికలలో (అంటే ఉత్తరాలలో) సంఘాలకు, అంటే క్రైస్తవ సమాజాలకు రాసినవి ముందు, వ్యక్తులకు రాసినవి తరువాత వస్తాయి. ఆ రెండు గుంపులలోనూ దాదాపుగా పెద్దవి ముందు, చిన్నవి వెనుక ఉంటాయి. రోమీయులకు రాసిన పత్రిక మొదట ఉన్నది అన్నిటికన్నా పొడవైనది కాబట్టే గాని, పౌలు దానిని మొదట రాశాడని కాదు. ‘పెద్ద ప్రవక్తలు’, ‘చిన్న ప్రవక్తలు’ అనే పేర్లు కూడా పుస్తకాల పరిమాణాన్ని చూసి పెట్టినవే, మనుషుల గొప్పతనాన్ని చూసి కాదు. ఆమోసు యెషయా కన్నా కొంత ముందువాడు, కాని పుటలలో చాలా వెనుక కనిపిస్తాడు. అందుచేత మొదటి పుట నుంచి చివరి పుట వరకు ఒకే కథగా చదవబోయినవారు రెండు మూడు చోట్ల తప్పకుండా తికమకపడతారు.

అన్నిటినీ కలిపే విషయం ఏదంటే సంఘాలలో సాధారణంగా వినిపించే జవాబు ‘రక్షణ’. అది సరైన జవాబే, కాని నిర్గమకాండం చివరి భాగం, లేవీయకాండం, రాజుల గ్రంథంలోని ఆలయ వర్ణన, యెహెజ్కేలు గ్రంథపు చివరి తొమ్మిది అధ్యాయాలు అంత విస్తారంగా ఎందుకు ఉన్నాయో ఆ ఒక్క మాటతో తేలదు. నా దృష్టిలో ఈ గ్రంథమంతటా నడిచే విషయం ఇది: పరిశుద్ధుడైన దేవుడు మనుషుల మధ్య నివసించాలని కోరుకుంటాడు, మనుషులు ఆ నివాసాన్ని నిలవనీయరు, అయినా ఆయన దానిని మళ్లీ స్థాపిస్తాడు. నిబంధన (దేవుడు మనుషులతో చేసే ఒప్పందం), ధర్మశాస్త్రం, బలి, రాజ్యం, చెర, క్రీస్తు, సంఘం అనే మిగిలిన పెద్ద అంశాలన్నీ దీని చుట్టూ ఇముడుతాయి. నిబంధననే కేంద్రంగా పెట్టే పండితులు ఉన్నారు, దేవుని రాజ్యమే కేంద్రమనేవారూ ఉన్నారు, వారి వాదనలకూ బలముంది. అయినా మీరు ఆగిన చోటు నుంచి ముందుకు నడిపించేది ఇదేనని నా నమ్మకం.

మొదటి అయిదు పుస్తకాలను పంచకాండాలంటారు, యూదులకు అవే తోరా. ఆదికాండంలో మొదటి 11 అధ్యాయాలు సమస్త మానవజాతి గురించి, 12 నుంచి 50 వరకు ఒక్క కుటుంబం గురించి సాగుతాయి. ఏదెను తోటలో చల్లపూట దేవుడు సంచరిస్తున్న సవ్వడిని ఆదాము, హవ్వ విని దాక్కుంటారు, ఆ తరువాత తోట నుంచి వెళ్లగొట్టబడతారు, కెరూబులనే పరలోక జీవులు దారికి కాపలా నిలుస్తాయి. దేవునితో కలిసి ఉండగలిగే చోటు పోయిందన్నది మూడో అధ్యాయంలోనే స్థిరపడిన విషాదం. పన్నెండో అధ్యాయంలో అబ్రాహాము పిలుపుతో దానికి జవాబు మొదలవుతుంది. నీ ద్వారా భూమి మీది వంశాలన్నీ ఆశీర్వాదం పొందుతాయన్న మాట ఆ పిలుపులోనే ఉంది కాబట్టి, ఒక కుటుంబాన్ని ఎన్నుకోవడం మిగిలినవారిని వదిలేయడం కాదు.

ఇక్కడ 15వ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవమని నా మనవి. అబ్రాహాము పశువులను రెండేసి ఖండాలుగా చేసి ఎదురెదురుగా పెడతాడు, వాటి మీద వాలే గద్దలను తోలుతూ కూర్చుంటాడు. పొద్దు గుంకుతుండగా గాఢనిద్ర పడుతుంది. చీకటి పడ్డాక పొగ లేచే పొయ్యి, మండే దివిటీ ఆ ఖండాల మధ్యగా దాటిపోతాయి. నిబంధన చేసుకునేవారు అలా ఖండాల మధ్య నడవడం ఆనాటి ఆచారం, మాట తప్పితే నాకూ ఈ గతి పట్టుగాక అని దాని భావం. ఇక్కడ అబ్రాహాము నడవడు, దేవుని సాన్నిధ్యాన్ని సూచించే నిప్పు ఒక్కటే నడుస్తుంది. ఒప్పందపు భారమంతా ఒకే పక్షం మీద పడిందన్నమాట. అదే అధ్యాయం ఆరో వచనాన్ని, అంటే అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్న మాటను, కొత్త నిబంధనలో పౌలు, యాకోబు (ఆదికాండంలోని యాకోబు కాదు, పత్రిక రాసినవాడు) ఇద్దరూ తమ తమ వాదనలకు ఆధారంగా తీసుకుంటారు. పౌలు దానితో విశ్వాసం వైపు వాదిస్తాడు, యాకోబు క్రియలు లేని విశ్వాసం మృతమని వాదిస్తాడు. ఆ ఇద్దరి మాటలను పక్కపక్కన పెట్టి చర్చించడం ఈనాటికీ ముగియలేదు.

ఇక నిర్గమకాండం. అబ్రాహాము సంతతి అయిన ఇశ్రాయేలు ప్రజలకు ఐగుప్తు నుంచి విడుదల, సముద్రం దాటడం, సీనాయి కొండ దగ్గర పది ఆజ్ఞలు అందరూ ఇష్టంగా చదివే భాగాలు. అయితే 40 అధ్యాయాల పుస్తకంలో 25 నుంచి 31 వరకు ప్రత్యక్షపు గుడారం ఎలా కట్టాలో చెబుతాయి, 35 నుంచి 40 వరకు ఎలా కట్టారో చెబుతాయి. అంటే మూడింట ఒక వంతు గుడారానిదే. ఈ రెంటి నడుమ బంగారు దూడ కథ ఉంది. దేవుడు తమ మధ్య ఉండేందుకు గుడారం నమూనా కొండ మీద సిద్ధమవుతున్న సమయంలోనే ప్రజలు కింద తమకు కనబడే దేవుణ్ణి పోతపోసుకుంటున్నారు. పుస్తకం చివరి వచనాలు చూడండి. గుడారం పూర్తవుతుంది, మేఘం దానిని కమ్ముతుంది, దేవుని మహిమ లోపల నిండుతుంది, అయితే ఎవరి కోసం ఇంత పని జరిగిందో ఆ ప్రజల నాయకుడైన మోషే లోపలికి వెళ్లలేకపోతాడు. తరువాతి పుస్తకం మొదటి వచనంలో దేవుడు గుడారంలో నుంచి మోషేను పిలిచి మాట్లాడతాడు. దాని తరువాతిదైన సంఖ్యాకాండం మొదటి వచనంలో గుడారంలోనే అతనితో మాట్లాడతాడు. బయట నిలబడినవాడు లోపలికి ఎలా వెళ్లగలిగాడన్నదే ఆ రెండు వచనాల నడుమ ఉన్న లేవీయకాండం విషయం.

అలా చూస్తే ఆ పుస్తకపు నిర్మాణం తేటపడుతుంది. మొదటి ఏడు అధ్యాయాలలో అయిదు రకాల అర్పణలు, 8 నుంచి 10 వరకు యాజకుల నియామకం, మోషే అన్న, ప్రధానయాజకుడు అయిన అహరోను ఇద్దరు కుమారులు ఆజ్ఞలేని అగ్నితో వెళ్లి చనిపోవడం, 11 నుంచి 15 వరకు శుచి, అశుచి నియమాలు ఉంటాయి. ఇదంతా 16వ అధ్యాయంలోని ప్రాయశ్చిత్త దినానికి దారి తీస్తుంది. ఏడో నెల పదో రోజున ప్రధానయాజకుడు తన వైభవమైన వస్త్రాలు తీసి, స్నానం చేసి, సాదా నారబట్టలు కట్టుకుంటాడు. ముందు తన కోసం, తన ఇంటివారి కోసం కోడెను వధిస్తాడు. రెండు మేకల మీద చీట్లు వేస్తాడు. ఒక మేక రక్తాన్ని గుడారంలో తెర వెనుక ఉన్న లోపలి గది అయిన అతిపరిశుద్ధ స్థలంలోకి తీసుకెళ్లి, అక్కడి నిబంధన పెట్టె మూత అయిన కరుణాపీఠం మీద, దాని ఎదుట చిలకరిస్తాడు. బతికి ఉన్న రెండో మేక తలపై రెండు చేతులూ ఉంచి ప్రజల దోషాలన్నీ ఒప్పుకుంటాడు, ఒక మనిషి దానిని అరణ్యంలోకి తోలుకుపోయి విడిచిపెడతాడు. ప్రజలకే కాదు, వారి అపవిత్రత మధ్య ఉన్న గుడారానికి కూడా ప్రాయశ్చిత్తం చేయాలని అక్కడ స్పష్టంగా ఉంది. ప్రజల పాపం నివాసాన్ని మలినపరుస్తుంది, దానిని ఏటా శుభ్రపరచకపోతే అక్కడ నివసించేవాడు వెళ్లిపోతాడు అన్న భయం ఈ పుస్తకమంతటా ఉంది.

17వ అధ్యాయం నుంచి పుస్తకం పాళెం లోపలి జీవితం వైపు తిరుగుతుంది. పొలం గట్ల వరకు పూర్తిగా కోయవద్దు, రాలిన పరిగెను బీదలకు, పరదేశులకు విడిచిపెట్టు అనీ, కూలివాని కూలిని మరునాటి దాకా ఉంచుకోవద్దనీ, నీ పొరుగువానిని నీలాగే ప్రేమించు అనీ 19వ అధ్యాయం చెబుతుంది. యాభయ్యో సంవత్సరంలో అమ్ముడుపోయిన పొలం తిరిగి మొదటి కుటుంబానికి చేరాలని 25 చెబుతుంది. మరొక చిన్న వివరం 12వ అధ్యాయం చివర ఉంది. ప్రసవం తరువాత తల్లి అర్పణగా గొర్రెపిల్లను తేవాలి, దానికి స్తోమత లేకపోతే రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తేవచ్చు. లూకా సువార్త రెండో అధ్యాయంలో యేసు తల్లిదండ్రులు యెరూషలేముకు తెచ్చింది ఆ రెండో రకం అర్పణనే. వారి పేదరికం గురించి లూకా వేరే ఏమీ చెప్పడు, లేవీయకాండం చదివినవారికి చెప్పనక్కరలేదు కూడా.

సంఖ్యాకాండం అరణ్యంలో సణుగుడు, తిరుగుబాట్ల కథ, ద్వితీయోపదేశకాండం యొర్దాను ఇవతల మోషే చేసిన వీడ్కోలు ప్రసంగం. ఈ రెండో పుస్తకం ప్రభావం తరువాతి చరిత్ర మీద చాలా ఎక్కువ. యెహోషువ, న్యాయాధిపతులు, సమూయేలు, రాజుల గ్రంథాలు దాదాపు ఆ కొలబద్దతోనే ప్రతి రాజునూ కొలుస్తాయి. దావీదు క్రీ.పూ. 1000 ప్రాంతపువాడు. అతని కుమారుడు సొలొమోను ఆలయం కట్టినప్పుడు నిర్గమకాండపు దృశ్యమే తిరిగి వస్తుంది, మేఘం నిండి యాజకులు నిలబడలేకపోతారు. అయితే ఆ ప్రతిష్ఠ ప్రార్థనలోనే సొలొమోను ఆకాశ మహాకాశాలు నిన్ను పట్టజాలవు, నేను కట్టిన ఈ మందిరం ఎలా పట్టగలదు అంటాడు. ఆలయాన్ని కట్టినవాడి నోటనే ఆ సందేహం రావడం గమనించదగ్గది. అతని తరువాత రాజ్యం రెండుగా చీలింది. ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను (సమరయ) క్రీ.పూ. 722లో అష్షూరు (అస్సీరియా) చేతిలో, దక్షిణాన ఉన్న యూదా రాజధాని యెరూషలేము క్రీ.పూ. 586లో బబులోను (బాబిలోనియా) చేతిలో పడిపోయాయి. ఆలయం కాలిపోయింది, ప్రజలలో చాలామందిని బందీలుగా బబులోనుకు తీసుకుపోయారు, దానినే చెర అంటారు.

ఆ 586 సంవత్సరాన్ని గుర్తు పెట్టుకుంటే పాత నిబంధనలో సగం చిక్కులు విడిపోతాయి. ఒకే చరిత్రను రెండుసార్లు ఎందుకు చెప్పారని చాలామంది అడుగుతారు. సమూయేలు, రాజుల గ్రంథాలు ‘మనకు ఈ గతి ఎందుకు పట్టింది’ అని చెరలో ఉన్నవారికి వివరిస్తాయి, అందుకే రాజుల పాపాలను దాచవు. దినవృత్తాంతాల గ్రంథాలు చెర నుంచి తిరిగి వచ్చినవారి కోసం రాసినవి. ‘మనకు ఇంకా చోటు ఉందా’ అన్నది వారి ప్రశ్న కాబట్టి అవి వంశావళులతో మొదలై ఆలయం మీద దృష్టి నిలుపుతాయి, ఉత్తర రాజుల చరిత్రను దాదాపు వదిలేస్తాయి. దావీదు బత్షెబ పట్ల, ఆమె భర్త ఊరియా పట్ల చేసిన ఘోరం సమూయేలు రెండో గ్రంథంలో రెండు అధ్యాయాలు ఆక్రమిస్తుంది, దినవృత్తాంతాలలో ఆ యుద్ధం ఉంది, దావీదు యెరూషలేములో ఉండిపోయాడన్న వాక్యం కూడా ఉంది, కాని ఆ ఘోరం ఊసే లేదు. రెంటినీ ఒకే సంపుటిలో ఉంచిన సంకలనకర్తల ధైర్యాన్ని నేను మెచ్చుకుంటాను.

ప్రవక్తల గ్రంథాలను ఈ చరిత్ర లేకుండా చదవడం దాదాపు అసాధ్యం. వారు భవిష్యత్తు చెప్పేవారన్న అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది, కాని వారి మాటల్లో ఎక్కువ భాగం తమ కాలపు రాజులకు, యాజకులకు, వ్యాపారులకు, న్యాయాధికారులకు చేసిన హెచ్చరికలే. తెకోవ ఊరి కాపరి ఆమోసు ఉత్తర రాజ్యానికి వెళ్లి, బీదలను చెప్పుల జోడు కోసం అమ్మేవారి పండుగలను దేవుడు అసహ్యించుకుంటాడని ప్రకటించాడు. యిర్మీయా ఆలయ గుమ్మంలో నిలబడి, ‘ఇది యెహోవా ఆలయం’ అని పదేపదే అనుకుంటూ పరదేశులను, తండ్రిలేనివారిని, విధవరాళ్లను బాధించేవారికి ఆ గోడలు రక్ష కావన్నాడు. అతని మాటలు రాసిన గ్రంథపు చుట్టను యెహోయాకీము రాజు ఏం చేశాడో 36వ అధ్యాయం చెబుతుంది. చలికాలం, ఎదురుగా కుంపటి మండుతోంది. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో ఆ మేర కోసి నిప్పులో వేస్తాడు, చుట్ట మొత్తం అలాగే కాలిపోతుంది. యిర్మీయా మళ్లీ చెబుతాడు, అతని లేఖకుడు బారూకు మళ్లీ రాస్తాడు, ఈసారి అలాంటి మాటలు మరి ఎన్నో చేర్చారని వచనం ముగుస్తుంది. ప్రవక్తల గ్రంథాలు ఎలా తయారయ్యాయో బైబిలు తానే చూపించే అరుదైన చోటు ఇది.

ఇక్కడ ఒక పక్క మాట. తెలుగు క్రైస్తవ గృహాల్లో గోడ క్యాలెండర్ల మీద, కొత్త సంవత్సరపు రాత్రి ఆరాధనలో పంచే వాగ్దానపు కార్డుల మీద యిర్మీయా 29:11 తరచు కనిపిస్తుంది. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావన్న ఆ వాక్యం నిజానికి బబులోను చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరంలోనిది. దాని ముందటి వచనం డెబ్బయి ఏండ్లు గడవాలంటుంది, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణపు క్షేమం కోరండి అని ఉత్తరం పైభాగం చెబుతుంది. ఆ కార్డును ఎవరూ పారేయనక్కరలేదు, అధ్యాయం మొత్తం చదివితే ఆదరణ ఇంకా లోతుగా ఉంటుందని మాత్రమే నేనంటాను.

చెరలోనే ఉన్న యెహెజ్కేలు దేవుని మహిమ ఆలయపు గడప దాటి, పట్టణం దాటి, తూర్పున ఉన్న కొండ మీదికి వెళ్లిపోవడం 10, 11 అధ్యాయాల దర్శనంలో చూస్తాడు. లేవీయకాండపు భయం నిజమైన చోటు అదే. అదే మహిమ తూర్పు దిక్కు నుంచి తిరిగి రావడం 43వ అధ్యాయంలో చూస్తాడు. పారసీక రాజు కోరెషు అనుమతితో తిరిగి వచ్చిన ప్రజలు క్రీ.పూ. 515 ప్రాంతంలో రెండో ఆలయం పూర్తి చేశారు. పునాది వేసిననాడు మొదటి ఆలయాన్ని చూసిన వృద్ధులు ఏడ్చారని ఎజ్రా గ్రంథంలో ఉంది. అయితే ఆ ఆలయం పూర్తయ్యాక మేఘం నిండిందని ఎజ్రా ఎక్కడా చెప్పడు. పాత నిబంధన చరిత్ర ఒక ఎదురుచూపుతో ఆగిందని నేను అనడానికి అదే కారణం.

యోబు, కీర్తనలు, సామెతలు, ప్రసంగి, పరమగీతం కావ్య, జ్ఞాన విభాగం కిందికి వస్తాయి. వీటిని కథ నుంచి విడిగా ఎప్పుడైనా చదువుకోవచ్చు. కీర్తనలు 150, వాటిని అయిదు స్కంధాలుగా విభజించారు. ‘యెహోవా నా కాపరి’ అన్న 23వ కీర్తన అందరికీ తెలుసు, కాని విలాప కీర్తనలు ఎన్ని ఉన్నాయో చూస్తే కొత్త పాఠకులు ఆశ్చర్యపోతారు. 88వ కీర్తన ఏ ఓదార్పూ లేకుండా చీకటి అన్న మాటతో ముగుస్తుంది. మూడో స్కంధాన్ని ముగించే 89, దావీదుకు చేసిన ప్రమాణం ఏమైందని దేవుణ్ణే నిలదీస్తుంది. సామెతలు మంచికి మంచి ఫలితమని బోధిస్తాయి. యోబు, ప్రసంగి ఆ సూత్రం అన్ని వేళలా పనిచేయదని గట్టిగా వాదిస్తాయి. యోబును ఓదార్చవచ్చిన ముగ్గురు స్నేహితులు సంప్రదాయానికి తగినట్టే మాట్లాడతారు, చివరికి దేవుడు వారు తన గురించి యుక్తంగా పలకలేదని, యోబే పలికాడని తీర్పు చెబుతాడు. భక్తి పుస్తకంలో ఇలాంటి వాదోపవాదాలకు చోటుండటం నాకు ఈ విభాగంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

మలాకీకి, మత్తయికి మధ్య పుట ఒక్కటే, కాలం మాత్రం దాదాపు నాలుగు వందల సంవత్సరాలు. ఆ మధ్యకాలంలో గ్రీకుల పాలన వచ్చింది, గ్రీకు రాజు అంతియొకసు క్రీ.పూ. 167లో ఆలయాన్ని అపవిత్రం చేశాడు, తిరుగుబాటు చేసిన యూదులైన మక్కబీయులు మూడేండ్లకు దానిని శుద్ధి చేశారు, క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే యెరూషలేములో ప్రవేశించాడు. పరిసయ్యులు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుల వర్గం), సమాజమందిరాలు (యూదుల ప్రార్థనాస్థలాలు), సుంకరులు (పన్ను వసూలు చేసేవారు) సువార్తలలో ఏ పరిచయమూ లేకుండా ప్రత్యక్షమవడానికి కారణం ఈ ఖాళీయే.

కొత్త నిబంధనలో మొదటి నాలుగు పుస్తకాలు యేసు జీవితాన్ని చెప్పే సువార్తలు. మత్తయి వంశావళితో మొదలుపెడతాడు కాబట్టి చాలామంది ఆ పుటను తిప్పేస్తారు. పదిహేడో వచనంలో మాత్రం ఆగండి. అబ్రాహాము నుంచి దావీదు వరకు, దావీదు నుంచి బబులోను చెర వరకు, చెర నుంచి క్రీస్తు వరకు పద్నాలుగేసి తరాలని ఆయన లెక్క కడతాడు. పాత నిబంధన అంతటికీ అంత క్లుప్తమైన విషయసూచిక మరెక్కడా లేదు. మొదటి అధ్యాయంలో ‘దేవుడు మనకు తోడు’ అనే ఇమ్మానుయేలు నామంతో మొదలైన ఈ సువార్త, నేను సదాకాలం మీతో ఉన్నానన్న యేసు మాటతో ముగుస్తుంది. మార్కు అన్నిటికన్నా చిన్నది, ముందు రాసినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. పదహారు అధ్యాయాలలో ఆరు యేసు చివరి వారానికీ, ఆ తరువాతి ఉదయానికే సరిపోతాయి. యేసు సిలువ మీద చనిపోయినప్పుడు అతిపరిశుద్ధ స్థలానికి అడ్డుగా ఉన్న ఆలయపు తెర పైనుంచి కిందికి చినిగిందన్న వాక్యం లేవీయకాండం 16 చదివినవారికి ఒకలా, చదవనివారికి మరోలా వినిపిస్తుంది. లూకా బీదలు, స్త్రీలు, సమరయులు (యూదులు దూరం పెట్టిన పొరుగు జాతి), సుంకరుల వైపు ఎక్కువగా చూస్తాడు. యోహాను సువార్త తీరే వేరు. దానిలో ఏడు సూచక క్రియలు, దీర్ఘ సంభాషణలు ఉంటాయి, రెండో అధ్యాయంలోనే యేసు తన దేహమనే ఆలయం గురించి మాట్లాడతాడు. ఈ నలుగురినీ ఒకే కథగా కలిపేయడం కన్నా ఒక్కొక్కరినీ విడిగా చదవడం మేలు. యెరూషలేములోని రెండో ఆలయాన్ని రోమా సైన్యం క్రీ.శ. 70లో కాల్చివేసిన సంగతిని కూడా మనసులో పెట్టుకొని చదవండి.

అపొస్తలుల కార్యములు లూకా సువార్తకు రెండో సంపుటి, రెండూ తెయొఫిలా అనే ఒకే వ్యక్తిని సంబోధించి రాసినవే. యెరూషలేములో మొదలై రోములో ముగుస్తుంది. పెంతెకొస్తు అనే యూదుల పండుగనాడు గాలి, అగ్ని గుడారం మీదనో ఆలయం మీదనో కాక కూడి ఉన్న మనుషుల మీదికి వస్తాయి. ఆ మలుపునే పౌలు కొరింథు సంఘానికి సూటిగా చెబుతాడు: మీరే దేవుని ఆలయం. ఎవరికి చెప్పాడో చూడండి. వర్గాలుగా చీలినవారికి, ఒకరి మీద ఒకరు వ్యాజ్యాలు వేసుకునేవారికి, ప్రభువు భోజనానికి కూడి ఒకడు ఆకలితో ఉండగా మరొకడు మత్తులో ఉండేవారికి!

పత్రికలను ఉత్తరాలుగానే చదవాలి, ఎవరు, ఎవరికి, ఏ తగవు మీద రాశారో ముందు తెలుసుకోవాలి. పౌలు పత్రికలు చాలావరకు సువార్తల కన్నా ముందే రాసినవి. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక క్రీ.శ. 50 ప్రాంతానిది. ఒక్కసారి కూర్చుని చదివేయాలంటే 25 వచనాల ఫిలేమోను పత్రికను తీసుకోండి. పారిపోయివచ్చిన ఒనేసిము అనే దాసుణ్ణి తిరిగి యజమాని దగ్గరికి పంపుతూ, ఇతణ్ణి ఇక దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకో, నీకు ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తాను అని పౌలు తన చేతివ్రాతతో రాస్తాడు. దాసత్వ వ్యవస్థను పౌలు నేరుగా ఎందుకు ఖండించలేదన్న విమర్శ న్యాయమైనదే, ఆ చర్చ సంఘంలోనూ బయటా శతాబ్దాలుగా జరిగింది. రచయిత పేరు లేని హెబ్రీ పత్రిక మీకు ప్రత్యేకంగా అవసరం. దాని 9, 10 అధ్యాయాలు ప్రాయశ్చిత్త దినాన్ని వివరంగా తీసుకొని, ఏటా జరిగిన ఆ క్రియ క్రీస్తు మరణంలో ఒక్కసారిగా నెరవేరిందని వాదిస్తాయి.

ప్రకటన గ్రంథం మీద మన దగ్గర జరిగినన్ని ఊహాగానాలు మరే పుస్తకం మీదా జరగలేదు. పత్మసు దీవి నుంచి ఆసియా అనే రోమా రాష్ట్రంలోని (నేటి టర్కీ పశ్చిమ భాగం) ఏడు సంఘాలకు, రోమా అధికారపు నీడలో బతుకుతున్నవారికి రాసిన గ్రంథమిది. మృగాలు, కొమ్ములు, సంఖ్యలు చాలావరకు దానియేలు, యెహెజ్కేలు, జెకర్యా గ్రంథాల నుంచి వచ్చిన భాష. వాటిని చదవకుండా నేటి వార్తాపత్రికతో పోల్చి చదివితే ప్రతి తరానికీ ఒక కొత్త మృగం దొరుకుతుంది. చివరి రెండు అధ్యాయాలు మాత్రం అందరూ చదవవలసినవి. దేవుని నివాసం మనుషులతో ఉందన్న ప్రకటన 21:3లో వినిపిస్తుంది, ఆ పట్టణంలో ఆలయమే కనిపించలేదని యోహాను చెబుతాడు. పట్టణం పొడవు, వెడల్పు, ఎత్తు సమానమని కొలత ఇస్తాడు. రాజుల మొదటి గ్రంథం ఆరో అధ్యాయంలో అతిపరిశుద్ధ స్థలం కూడా ఇరవై మూరల పొడవు, ఇరవై మూరల వెడల్పు, ఇరవై మూరల ఎత్తు. ఏడాదికొకసారి ఒక్క మనిషి మాత్రమే ప్రవేశించిన ఆ గది ఆకారమే ఇప్పుడు మొత్తం పట్టణానికి వచ్చింది.

ఇక మీరు ఎక్కడ తిరిగి మొదలుపెట్టాలన్నది. నిర్గమకాండం 40 మళ్లీ చదివి, లేవీయకాండంలో 1, 10, 16, 19, 25 అధ్యాయాలు చదవండి. 11 నుంచి 15 వరకు మొదటిసారికి వదిలేసినా నష్టం లేదు. తరువాత మార్కు సువార్త, హెబ్రీ పత్రిక 9, 10 అధ్యాయాలు. ఆ పైన సమూయేలు, రాజుల గ్రంథాలు వరుసగా చదివి, ఆమోసు, యిర్మీయా, యెహెజ్కేలులను వాటి పక్కన పెట్టుకోండి. కీర్తనలను రోజుకొకటి చొప్పున వీటితోపాటు చదువుకోవచ్చు. మన పాత తెలుగు అనువాదం గ్రాంథికంలో ఉంటుంది, అది కష్టమనిపిస్తే వాడుక భాషలో వచ్చిన అనువాదాలు కూడా దొరుకుతున్నాయి.

కొనేముందు విషయసూచిక చూడండి. కతోలికుల బైబిలులో 73 పుస్తకాలుంటాయి. తోబితు, యూదితు, మక్కబీయులు రెండు, జ్ఞానగ్రంథం, సీరా, బారూకు అదనంగా ఉండటమే కాక, ఎస్తేరు, దానియేలులలో కూడా కొన్ని భాగాలు ఎక్కువగా ఉంటాయి. ఇవి యూదుల గ్రీకు అనువాదం ద్వారా సంఘానికి వచ్చినవి, ప్రొటెస్టెంట్లు హీబ్రూ పట్టికనే అనుసరించారు. కొత్త నిబంధన 27 పుస్తకాల విషయంలో ఆ రెండు సంప్రదాయాలకు తేడా లేదు. నేటి పట్టికతో సరిగ్గా సరిపోయే జాబితా అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ క్రీ.శ. 367లో రాసిన లేఖలో కనిపిస్తుంది. నేను పైన చెప్పిన మధ్యకాలపు చరిత్ర మీకు ఆసక్తి కలిగిస్తే మక్కబీయుల మొదటి గ్రంథం కోసమైనా 73 పుస్తకాల ప్రతినే తీసుకోమంటాను.